కార్డు మీది రాశి, పంచాంగంలో రాశి: టారో ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే తిరకాసు. పంచాంగంలో రాశి ఒకటి, టారో పట్టికలో ఇంకొకటి. టారో అంటే జోస్యానికి వాడే 78 కార్డుల కట్ట (డెక్), పట్టిక అంటే వాటిలో ఏది ఏ రాశికి, ఏ గ్రహానికి చెందిందో చెప్పేది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. బొమ్మల ప్రస్తావన వచ్చినచోటల్లా 1909లో లండన్‌లో అచ్చయిన రైడర్ వెయిట్ స్మిత్ డెక్‌నే లెక్కలోకి తీసుకున్నాం. మన దగ్గర నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే.

నాది ఉత్తర రెండో పాదం, కన్యా రాశి. పుట్టింది ఆగస్టు 10న. ఒక యాప్ నా కార్డు హెర్మిట్ అంటుంది, ఇంకోటి స్ట్రెంగ్త్ అంటుంది. మా పక్కింటామె మాత్రం ఆ తేదీకి సూర్యుడు కర్కాటకంలో ఉంటాడు కాబట్టి చారియట్ అని వాదిస్తోంది. దేన్ని పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

మూడూ మూడు వేర్వేరు లెక్కలు. మనం 'నాది ఫలానా రాశి' అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. పుట్టిన తేదీ ఒక్కటే అడిగి రాశి చెప్పేసే యాప్ సూర్యుడి రాశిని చెబుతోంది. చిక్కులో సగం ఇక్కడే ఉంది. మిగతా సగం సాయన, నిరయన తేడా. పంచాంగం మేషాన్ని నక్షత్రాలను బట్టి మొదలుపెడుతుంది, అది నిరయనం. పాశ్చాత్యులు మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి మొదలుపెడతారు, అది సాయనం. ఈ రెండు మొదళ్ల మధ్య ఎడాన్ని అయనాంశ అంటారు, లాహిరి లెక్కలో అది ఇప్పుడు సుమారు 24 డిగ్రీల 12 నిమిషాలు. వాళ్ల మకరం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలైపోతే మన సంక్రాంతి జనవరి 14, 15 దాకా ఆగేది ఇందుకే.

మీ తేదీనే వేసి చూద్దాం. ఆగస్టు 10న సూర్యుడు సాయనంలో సింహం 17, 18 డిగ్రీల దగ్గర ఉంటాడు. దానికి మేజర్ కార్డు (పేరున్న 22 పెద్ద కార్డుల్లో ఒకటి) స్ట్రెంగ్త్, రాశిని మూడుగా చీల్చిన పది డిగ్రీల ముక్కకు మైనర్ కార్డు (అంకెలున్న చిన్న కార్డు) సిక్స్ ఆఫ్ వాండ్స్: తలకు ఆకుల దండ చుట్టుకుని గుర్రం మీద ఊరేగుతున్న మనిషి. అదే రోజు నిరయనంలో సూర్యుడు కర్కాటకం 23, 24 డిగ్రీల మీద, అంటే రైతులు చెప్పే ఆశ్లేష కార్తెలో ఉంటాడు. దానికి చారియట్, ఫోర్ ఆఫ్ కప్స్: చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చుని, ముందుకొచ్చిన గిన్నెను కూడా చూడని మనిషి. ఒకే పుట్టినరోజుకు ఇంత దూరం!

ఈ పట్టిక పుట్టింది 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘంలో. డెక్ రూపొందించిన వెయిట్, బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ ఇద్దరూ అందులో సభ్యులే. వాళ్ల లెక్క సాయనం. కాబట్టి సూర్యుడిని బట్టి కార్డు తీసుకునేటప్పుడు సాయన తేదీలే వాడాలి, మీకు స్ట్రెంగ్త్. పక్కింటామె చెప్పింది జ్యోతిషం ప్రకారం ఒప్పే, ఈ పట్టికకు మాత్రం అతకదు.

మరి చంద్రుడి కార్డు? ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. జన్మరాశిని నిరయనంలో తీసుకుని, సాయన పట్టికలో వెతుకుతారు. చంద్రుడి డిగ్రీలకు కూడా 24 కలపాలి. కలిపితే, రాశిలో మొదటి 6 డిగ్రీలలోపు చంద్రుడున్నవాళ్లకే రాశి మారకుండా నిలుస్తుంది, మిగతావాళ్లందరికీ తర్వాతి రాశికి జరుగుతుంది. ఉత్తర రెండో పాదం కన్యలో 0 నుంచి 3 డిగ్రీల 20 నిమిషాల దాకా. మీది ఆ ఆరు డిగ్రీల లోపలే ఉంది కనుక కన్య కార్డు హెర్మిట్ మీకు నిలుస్తుంది. ఉత్తర మూడో పాదం అయితే జాతకంలో డిగ్రీ చూడందే చెప్పలేం. హస్త అయితే తులకు జరిగి జస్టిస్ అయిపోతుంది. స్ట్రెంగ్త్ మీ బయటి నడతకు, హెర్మిట్ మీ మనసుకు గుర్తుగా పెట్టుకోండి. రెంటినీ కలిపి మూడో అర్థం తియ్యొద్దు.

36 కార్డులకు గ్రహాలు బట్టీ పట్టినా నిలవడం లేదు. గుర్తుపెట్టుకునే దారి ఏదైనా ఉందా?
– కట్టమంచి, చిత్తూరు

బట్టీ అక్కర్లేదు. మీ ఇంట్లో పంచాంగం ఉంటే అందులో హోరల పట్టిక తీయండి. శనివారం సూర్యోదయానికి శని హోర, ఆపైన గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర, మళ్లీ శని. 24 హోరలు తిరిగాక 25వది రవి హోర అవుతుంది, అందుకే మర్నాడు ఆదివారం. టారోలో రెండు నుంచి పది దాకా ఉన్న 36 మైనర్ కార్డులకూ గ్రహాలు ఇదే వరసలో వస్తాయి. తేడా ఒక్కటే, మొదలు మేషంలో కుజుడితో. 36ను ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి మీనం చివరి ముక్కకు కూడా కుజుడే వస్తాడు. మీ పట్టిక కుజుడితో మొదలై కుజుడితో ముగియలేదంటే మధ్యలో ఎక్కడో జారింది.

రాశి ఏదో కార్డు అంకె, రంగు (వాండ్స్, కప్స్ లాంటి జాతి) కలిసి చెబుతాయి. 2, 3, 4 చర రాశులవి (మేషం, కర్కాటకం, తుల, మకరం). 5, 6, 7 స్థిర రాశులవి (వృషభం, సింహం, వృశ్చికం, కుంభం). 8, 9, 10 ద్విస్వభావ రాశులవి (మిథునం, కన్య, ధనుస్సు, మీనం). వాండ్స్ అగ్ని, కప్స్ జలం, స్వోర్డ్స్ వాయువు, పెంటకల్స్ భూమి. ఏ రాశిది ఏ తత్త్వమో మన జ్యోతిషంలోనూ ఇదే కదా, కొత్తగా నేర్చేదేం లేదు.

సెవెన్ ఆఫ్ కప్స్ వచ్చిందనుకోండి. కప్స్ కాబట్టి జలం, 7 కాబట్టి స్థిర రాశి: వృశ్చికం. 5, 6, 7లో చివరిది కాబట్టి మూడో ముక్క. వృశ్చికం ఎనిమిదో రాశి, కాబట్టి మొదటి నుంచి లెక్కిస్తే అది 24వ ముక్క. 24ను ఏడుతో భాగిస్తే శేషం 3. కుజ, రవి, శుక్ర అని మూడు లెక్కపెడితే శుక్రుడు. వృశ్చికంలో శుక్రుడు. శేషం సున్నా వస్తే ఏడోవాడైన గురువు.

ఈ పది డిగ్రీల ముక్కను చూడగానే జ్యోతిషం తెలిసినవాళ్లు ద్రేక్కాణం (జ్యోతిషంలో రాశికి మూడో వంతు) అనుకుని పరాశర పద్ధతి అధిపతులను వేసేస్తారు. పరాశరంలో మేషానికి కుజుడు, రవి, గురువు. టారోలో కుజుడు, రవి, శుక్రుడు. మొదటి రెండూ కలవడం వల్ల మోసం తెలియదు, మూడో దగ్గర దొరికిపోతారు. మేషం మూడో ముక్కది ఫోర్ ఆఫ్ వాండ్స్: నాలుగు కర్రల మీద పూలూ పళ్లూ కట్టిన పందిరి, కింద చేతులెత్తి పిలుస్తున్న జంట. ఇది శుక్రుడి సందడి అని బొమ్మే చెబుతోంది.

తులలో శని ఉచ్చ. తులలో శని కార్డు త్రీ ఆఫ్ స్వోర్డ్స్ అన్నారు. ఉచ్చ గ్రహానికి గుండెలో మూడు కత్తులు దిగిన బొమ్మ ఏమిటి? కన్యలో శుక్రుడు నీచ, దానికేమో నైన్ ఆఫ్ పెంటకల్స్‌లో ద్రాక్షతోట, పట్టుబట్టలు! తిరగబడి అచ్చయిందా?
– జ్యోతిషం చదువుతున్న విద్యార్థి, తిరుపతి

అచ్చు తప్పు కాదు. మీ ప్రశ్న మాత్రం గట్టిది.

36 కార్డుల్లో ఉచ్చ గ్రహాలు ఐదే: మేషంలో రవి త్రీ ఆఫ్ వాండ్స్, వృషభంలో చంద్రుడు సిక్స్ ఆఫ్ పెంటకల్స్, కన్యలో బుధుడు టెన్ ఆఫ్ పెంటకల్స్, తులలో శని త్రీ ఆఫ్ స్వోర్డ్స్, మకరంలో కుజుడు త్రీ ఆఫ్ పెంటకల్స్. నీచ గ్రహాలు రెండే: మకరంలో గురువు టూ ఆఫ్ పెంటకల్స్, కన్యలో శుక్రుడు నైన్ ఆఫ్ పెంటకల్స్. ఉచ్చ అయిన ఐదింట్లో నాలుగు మంచి కార్డులే, త్రీ ఆఫ్ స్వోర్డ్స్ ఒక్కటే ఎదురు తిరిగింది.

కారణం ఏమంటే, గోల్డెన్ డాన్ వాళ్లు చిన్న కార్డుకు అర్థం కట్టేటప్పుడు గ్రహం, రాశి మాత్రమే చూడలేదు. అంకెను యూదుల మార్మిక విద్య కబాలా గీసే పది స్థానాల వృక్షంలోని స్థానంతో ముడిపెట్టారు. మూడో స్థానం బీనా, దాని గ్రహం శనే. దాన్ని స్వోర్డ్స్‌లో, అంటే కోసి విడదీసే వాయుతత్త్వంలో పెట్టి, కార్డుకు దుఃఖం అని పేరిచ్చారు. గుండె, కత్తుల బొమ్మకు పోలిక 15వ శతాబ్దపు ఇటలీ డెక్ సోలా బుస్కాలో ఉంది.

బలం వేరు, శుభం వేరు అని మీకు పాఠంలోనే చెప్పి ఉంటారు. ఆరో ఇంటి అధిపతి ఉచ్చపడితే శత్రువుకే బలం అనేవాళ్లూ ఉన్నారు కదా. కార్డుల్లోనూ ఉచ్చ అంటే ఆ విషయం గట్టిగా, తేటగా జరుగుతుందనే. కార్డును విప్పి చదివే పద్ధతి ఇది: గ్రహం మేజర్ కార్డు, రాశి మేజర్ కార్డు పక్కపక్కన పెట్టండి. శని అంటే వరల్డ్, తుల అంటే జస్టిస్. ఒక వ్యవహారం న్యాయం ప్రకారం ముగిసిపోవడం. ఆస్తి పంపకాల గురించి అడిగినవాళ్లకు త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వస్తే, కాగితాలు సక్రమంగానే అవుతాయి, అన్నదమ్ముల మధ్య మాట మాత్రం తెగుతుంది అని చెప్పొచ్చు. నైన్ ఆఫ్ పెంటకల్స్ అదే పద్ధతిలో ఎంప్రెస్, హెర్మిట్. తోట నిండా పళ్లున్నాయి, చేతి మీద డేగ ఉంది, పంచుకోను పక్కన మనిషి లేదు. శుక్రుడి నీచత్వం ఎక్కడికీ పోలేదు, ఆ ఒంటరితనంలో కూర్చుంది. పెళ్లి సంబంధం అడిగినప్పుడు ఈ కార్డును ఎగిరి గంతేసి మంచిదనకండి.

స్వక్షేత్రానికీ ఇదే మాట. వృశ్చికంలో కుజుడు సొంతింట్లో ఉన్నాడు, కార్డేమో ఒలికిపోయిన మూడు గిన్నెల ఫైవ్ ఆఫ్ కప్స్. టవర్, డెత్ కలిపి చదవండి, ఆ నల్ల బట్టల మనిషి ఎందుకు తలవంచాడో తెలుస్తుంది.

స్ట్రెంగ్త్ 8, జస్టిస్ 11 అని ఒక పుస్తకం. జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11 అని ఇంకోటి. ఏది ఒప్పు?
– పుత్తూరు

పాత ఫ్రెంచి మార్సెయ్ డెక్‌లలో జస్టిస్ 8. రాశుల వరసలో సింహం తర్వాత కన్య, ఆ తర్వాత తుల రావాలి కాబట్టి గోల్డెన్ డాన్ వాళ్లు స్ట్రెంగ్త్‌ను 8కి, జస్టిస్‌ను 11కి మార్చారు. 1909 డెక్ ఈ మార్పునే పాటించింది. ఆంగ్లేయుడు అలిస్టర్ క్రౌలీ తయారుచేసిన థోత్ డెక్‌లో అంకెలు మళ్లీ పాతవే, పేర్లు అడ్జస్ట్‌మెంట్, లస్ట్. అంకె ఎటు మారినా సింహం స్ట్రెంగ్త్‌దే, తుల జస్టిస్‌దే. రాశిని చూడండి, అంకెను వదిలేయండి.

ఈమధ్య ఎన్నిసార్లు తీసినా ఎయిట్ ఆఫ్ కప్స్ వస్తా ఉంది. అది మీనంలో శని కార్డంట. నాది మీన రాశే, ఏలినాటి శని నడస్తా ఉండాది. ఆ బొమ్మలో మనిషి అన్నీ వదిలేసి కొండల్లోకి పోతా ఉండాడు. ఊరు వదిలి పోవాల్సి వస్తాదా?
– పలమనేరు

ఊరికే దిగులు పెట్టుకున్నారమ్మా. పట్టికలో రాసిన 'మీనంలో శని' ఆ కార్డుకు శాశ్వతంగా పెట్టిన చిరునామా. ఈరోజు ఆకాశంలో శని ఎక్కడున్నాడో దానికి తెలియదు. శని మేషంలో ఉన్న రోజు తీసినా ఎయిట్ ఆఫ్ కప్స్‌కు అదే గుర్తు.

లెక్కకు లెక్క కూడా కలవదు. దృక్ గణితం ప్రకారం శని మీనంలోకి వచ్చింది 2025 మార్చి 29న. ఆరోజు నిరయనంలో మీనం 0 డిగ్రీలు, సాయనంలో మీనం 24. ఎయిట్ ఆఫ్ కప్స్‌ది సాయన మీనంలో మొదటి పది డిగ్రీలు. 24వ డిగ్రీ పడేది మూడో ముక్కలో, దాని కార్డు టెన్ ఆఫ్ కప్స్: ఇంద్రధనుస్సు కింద భార్యాభర్తలు, ఆడుకుంటున్న పిల్లలు. మీకు జన్మ శని మొదలైన క్షణానికి పట్టికలో ఉన్న బొమ్మ అది! దీన్ని కూడా శుభసూచన అని పట్టుకోవద్దు, ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి సమాధానం చెప్పవని చూపించడానికే చెప్పాం. ఏలినాటి శని సంగతి జాతకం చూసేవారిని అడగండి.

కార్డు మళ్లీ మళ్లీ రావడానికి ముందు చూడాల్సింది కలిపే తీరు. 78 కార్డుల్లోంచి మూడు తీస్తే ఒక ఫలానా కార్డు రావడానికి అవకాశం 26లో ఒకటి. పది కార్డులు పరిచే స్ప్రెడ్ వేస్తే దాదాపు ఎనిమిదిలో ఒకటి, అది అరుదేమీ కాదు. మూడు కార్డులకే వారంలో మూడు నాలుగుసార్లు వస్తోందంటే డెక్ సరిగా కలవడం లేదు. 52 ముక్కల పేకనే సగాలుగా చీల్చి ఒకదాంట్లోకి ఒకటి ఏడుసార్లు దూరిస్తే తప్ప బాగా కలవదంటారు. చేతిలో పట్టుకుని పైవి కిందికి జార్చే పద్ధతిలో అయితే పక్కపక్క కార్డులు గుత్తులుగా అట్లాగే ఉండిపోతాయి. దుప్పటి మీద అన్నీ బోర్లా పరిచి, రెండు చేతులతో ఒక నిమిషం పాటు గుండ్రంగా తిప్పి కలిపి, అప్పుడు పోగుచేయండి.

రాహు కేతువులకు ఏ కార్డు? ఇక్కడికి వచ్చేవాళ్లంతా ముందు అదే అడుగుతారు.
– శ్రీకాళహస్తి

లేదు. గోల్డెన్ డాన్ పట్టికలో కార్డులు దొరికినవి ఏడు గ్రహాలకే: మెజీషియన్ బుధుడు, హై ప్రీస్టెస్ చంద్రుడు, ఎంప్రెస్ శుక్రుడు, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ గురువు, టవర్ కుజుడు, సన్ రవి, వరల్డ్ శని. ఆన్‌లైన్‌లో కొందరు డెవిల్‌ను రాహువని, హ్యాంగ్డ్ మ్యాన్‌ను కేతువని చెబుతున్నారు. డెవిల్ మకరం, హ్యాంగ్డ్ మ్యాన్ జలతత్త్వం. అక్కడ ఒకరు కూర్చుని ఉండగా ఇంకొకరిని కూర్చోబెడితే చదివేటప్పుడు ఎవరి మాట వినాలి? పైగా రాహు కేతు పూజకు వచ్చి అప్పటికే బెదిరి ఉన్న మనిషికి డెవిల్ బొమ్మ చూపి 'ఇదే మీ రాహువు' అనడం ఏం బాగుంటుంది?

మీ దగ్గరికి వచ్చినవారికి రాహు మహాదశ నడుస్తుంటే ఒక దారి ఉంది. ఛాయాగ్రహాలు తాము కూర్చున్న రాశి అధిపతిలా ఫలితమిస్తాయనేది జ్యోతిషంలో ఉన్నదే. జాతకంలో రాహువు వృషభంలో ఉంటే రాశ్యాధిపతి శుక్రుడు, కాబట్టి ఎంప్రెస్‌ను ముందు పక్కకు తీసి, బల్ల మధ్యలో పెట్టి, దాని చుట్టూ మిగతా కార్డులు పరవండి. ఇక్కడ జాతకం నుంచి తీసుకున్నది గ్రహం ఒక్కటే, డిగ్రీలు కావు, అందుకే సాయన నిరయన గొడవ రాదు. దశ పేరు చెప్పి స్ప్రెడ్‌లో ప్రతి కార్డునూ దానికే ముడిపెట్టొద్దు. రాహు దశ 18 ఏళ్లు, అడిగిన ప్రశ్న వచ్చే నెల అద్దె ఇంటి గురించి అయ్యుండొచ్చు.

ఫూల్‌కు యురేనస్ అని ఒకరు, వాయువు అని ఒకరు...
– నగరి

వాయువే మొదటిది. ఫూల్ వాయువు, హ్యాంగ్డ్ మ్యాన్ జలం, జడ్జిమెంట్ అగ్ని. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటోలను తర్వాతివాళ్లు వీటికి తగిలించారు. ప్లూటోను కనుక్కున్నదే 1930లో, 1909 డెక్‌లో అది ఉండే అవకాశమే లేదు. చిన్న కార్డుల 36 ముక్కల్లో ఈ మూడింటికీ చోటు లేదు. అందుకని తత్త్వాలతో చదివితే డెక్ అంతా ఒకే పద్ధతిలో నడుస్తుంది.

ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగితే ఎయిట్ ఆఫ్ వాండ్స్ వచ్చింది. ధనుస్సులో బుధుడు కదా అని ధనుర్మాసంలో వస్తుందన్నాను. నవంబరు నెలాఖరుకే ఆఫర్ లెటర్ వచ్చేసింది. నా చదవడంలో తప్పెక్కడ?
– కార్డులు చూసే ఒక పాఠకురాలు, తిరుపతి

కార్డు సరిగ్గానే చెప్పింది, మీరు మాసం పేరు దగ్గర జారారు. తిరుపతిలో ధనుస్సు అనగానే తిరుమల కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల గుర్తుకు రావడం సహజం. అది డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగి దాకా నడిచే నిరయన ధనుస్సు. పట్టికలోని సాయన ధనుస్సు నవంబరు 22, 23కే మొదలవుతుంది. మొదటి పది రోజులు ఎయిట్ ఆఫ్ వాండ్స్, డిసెంబరు 2 నుంచి నైన్ ఆఫ్ వాండ్స్, 12 నుంచి 21 దాకా టెన్ ఆఫ్ వాండ్స్. ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. మీకు కార్డులతో పాటు ఒక కాగితం మీద ఈ 36 తేదీలూ రాసి పెట్టుకునే అలవాటు ఉంటే ఈ తప్పు జరిగేది కాదు.

'ఎప్పుడు' అనే ప్రశ్నకు విడిగా, ఒక్క కార్డే తీయండి. పెద్ద స్ప్రెడ్‌లోని ఏదో ఒక కార్డును పట్టుకుని తేదీ చెప్పొద్దు, అది వేరే ప్రశ్నకు వచ్చిన జవాబు. 2 నుంచి 10 దాకా మైనర్ వస్తే పది రోజులు. రాశి ఉన్న మేజర్ వస్తే నెల. గ్రహం ఉన్న మేజర్ వస్తే తేదీ లేదు, కొందరు వారం చెబుతారు, టవర్‌కు మంగళవారం అని. ఏస్ (ఒకటో అంకె కార్డు) వస్తే మూడు నెలల పట్టు: ఏస్ ఆఫ్ పెంటకల్స్‌కు మేషం, వృషభం, మిథునం, అంటే మార్చి 21 నుంచి జూన్ 20 దాకా. ఆ పది రోజులు మొన్ననే దాటిపోయి ఉంటే 'వచ్చే ఏడాది' అనేయకండి. అప్పుడు తేదీ చెప్పకుండా కార్డు అర్థం ఒక్కటే చెప్పడం మేలు.

పెళ్లి విషయమైతే ఇంకో జాగ్రత్త. టెన్ ఆఫ్ వాండ్స్ వచ్చిందని డిసెంబరు 18 చుట్టుపక్కల పెళ్లి అన్నారనుకోండి, ధనుర్మాసంలో ముహూర్తాలు ఎవరు పెడతారు? మాట కుదరడం, లగ్నపత్రిక రాయడం వేరు. ముహూర్తం పంచాంగానిది, కార్డులకు దాంతో పనిలేదు.

తత్త్వాల మైత్రి చూసి కార్డు బలం చెప్పాలంటారు. మూడు కార్డుల్లో అది ఎట్లా చూడాలి?
– చంద్రగిరి

నడిమి కార్డు అసలు విషయం, అటూ ఇటూ ఉన్నవి దాన్ని పెంచేవో తగ్గించేవో. అగ్నికీ జలానికీ పడదు. వాయువుకూ భూమికీ పడదు. మిగతా జతలన్నీ మిత్రులే, ఒకే తత్త్వం రెండుసార్లు వస్తే బలం పెరుగుతుంది, ఆ బలం మంచికైనా చెడుకైనా.

నడుమ సిక్స్ ఆఫ్ పెంటకల్స్ ఉందనుకోండి, డబ్బు చేతికందే కార్డు. రెండు పక్కలా ఎయిట్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్ ఉంటే భూమికి రెండు వైపులా వాయువు, రావాల్సిన డబ్బు చాలా తగ్గుతుంది. వాటికి బదులు రెండు పక్కలా కప్స్ ఉంటే ఇచ్చేవాళ్లు మనసారా ఇస్తారు. ఎడమన ఫైవ్ ఆఫ్ వాండ్స్, కుడిన టూ ఆఫ్ కప్స్ ఉంటే? అవి రెండూ ఒకదానికొకటి శత్రువులు, వాటి గొడవ వాటికే సరిపోతుంది, నడిమి కార్డును తన మానాన తాను చెప్పనివ్వండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ మూడూ కలిపి కథ అల్లేస్తారు.

మేజర్ కార్డుకు దాని రాశి తత్త్వం తీసుకోండి, డెత్‌కు జలం, ఎంపరర్‌కు అగ్ని. గ్రహాల మేజర్ కార్డులకు తత్త్వం విషయంలో పుస్తకాలు తలో మాట చెబుతాయి. మేమైతే వాటిని మైత్రి లెక్కలో నుంచి తప్పిస్తాం.

ఈ పద్ధతి వాడితే తలకిందుల కార్డుల అర్థాలు వాడొద్దు. రెండూ ఒకే పనికి పెట్టినవి. రెండూ వాడితే ఒక కార్డును రెండుసార్లు తగ్గించినట్టవుతుంది.

కింగ్ స్థిర రాశికా, నైట్ స్థిర రాశికా? కార్డుల మీద గుర్తులు పెన్నుతో రాసుకుందామనుకుంటున్నా, రాసేశాక తప్పని తేలితే ఎట్లా?
– కుప్పం

క్వీన్‌కు చర రాశి అనడంలో పేచీ లేదు. గోల్డెన్ డాన్ వాళ్ల కోర్టు కార్డుల (కింగ్, క్వీన్, నైట్, పేజ్) పేర్లు 1909 డెక్ పేర్లతో సూటిగా కలవకపోవడం వల్ల కింగ్, నైట్ దగ్గర రెండు వాదాలున్నాయి. మేము బొమ్మను నమ్ముతాం. కింగ్ ఆఫ్ పెంటకల్స్ సింహాసనానికి ఎద్దు తలలు, వృషభం. కింగ్ ఆఫ్ వాండ్స్ వెనక తెర మీద సింహాలు, సింహ రాశి. క్వీన్ ఆఫ్ పెంటకల్స్ ఆసనం చేతికి మేక తల, మకరం. అందుకని కింగ్‌కు స్థిరం, నైట్‌కు ద్విస్వభావం. మీ గురువుగారు అటుది చెప్పి ఉంటే అదే వాడండి, మధ్యలో మాత్రం మార్చొద్దు. ఇంకో మాట, పేజ్‌లు తప్ప ఒక్కో కోర్టు కార్డు ముందు రాశి 20వ డిగ్రీ నుంచి తన రాశి 20వ డిగ్రీ దాకా నడుస్తుంది, రాశి మొత్తం దానిది కాదు.

థోత్ డెక్‌లో చిన్న కార్డుల మీద గ్రహం, రాశి గుర్తులు అచ్చులోనే ఉంటాయి. మీ డెక్ మీద రాయాలంటే పెన్ను, స్కెచ్ పెన్ను వద్దు. మెరుపు పూత మీద సిరా ఆరదు, కలిపేటప్పుడు పక్క కార్డుకు అంటుతుంది. 2బి పెన్సిల్‌తో కింది తెల్ల అంచు మీద, బొమ్మ వైపే, చిన్నగా రాయండి. వెనక వైపు రాస్తే బోర్లా ఉన్నప్పుడే కార్డు ఏదో తెలిసిపోతుంది. పూత మరీ నున్నగా ఉండి పెన్సిల్ పట్టకపోతే డెక్‌ను వదిలేసి, 36 గళ్ల పట్టిక ఒకటి అట్టముక్క మీద వేసి డెక్ పెట్టెలో పెట్టుకోండి.